మన ఈశాన్యం బోరు, పక్కింటోళ్ల వాయవ్యం గుంత

నమస్తే అందరికీ. ఇయ్యాల వీడియోల స్కీము గురించి లేదు, లోను గురించి లేదు, ఒక టేపు పట్టుకొని వచ్చిన, గంతే. మేస్త్రి జేబుల ఉంటది సూడుండ్రి, గదే టేపు. దీంతోని మీ బోరు కాడి నుంచి లెట్రిన్ గుంత దాకా ఎన్ని ఫీట్లు ఉన్నదో కొలవాలె, మీ గుంతే కాదు పక్కింటోళ్లది కూడ, అసలు కథ అంతా గోడ అవతలనే ఉన్నది.

మా పెదనాయిన వాళ్లది పరకాల దిక్కు ఊరు. పోయిన వానకాలం ఇంట్ల పిల్లలకు వరసబెట్టి వాంతులు, మోషన్లు, ఒకనికి తగ్గంగనే ఇంకొకనికి. పెద్దమ్మ ఏమో పాలు మంచిగ లేవు అంటది, పెదనాయిన ఏమో బస్టాండ్ కాడ తిన్న మిర్చీలు అంటడు, బోరు మీద మాత్రం ఎవ్వరికీ అనుమానం రాలే. ఎట్ల వస్తది, నీళ్లు అద్దం లెక్క ఉన్నయి, సల్లగ ఉన్నయి, ఊరంతా మెచ్చుకునే బోరాయె.

నేను పోయేటప్పుడు హెచ్‌టూఎస్ సీసాలు రెండు పట్టుకపోయిన. ఇగో ఇట్లుంటది, చిన్న సీసా, లోపల మందు ముందుగాలనే ఉంటది, గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి వెచ్చగ ఉండే కాడ ఒకటి రెండు రోజులు పెట్టాలె, నీళ్లు నల్లవడితే అందుల మలం కలిసిన క్రిములు ఉన్నట్టు. ఒక దాంట్ల బోరు నీళ్లు, ఇంకో దాంట్ల భగీరథ నల్లా నీళ్లు పోసి ఫ్రిజ్జు మీద పెట్టిన. తెల్లారి సూస్తే నల్లా సీసా ఎట్లున్నది అట్లనే ఉన్నది, బోరు సీసా బొగ్గు నీళ్లయింది. పెద్దమ్మ దాన్ని చేతిల పట్టుకొని కిటికీ కాడ అటు తిప్పి ఇటు తిప్పి సూసింది, ఒక్క మాట మాట్లాడలే, పోయి కుండల నీళ్లు పారవోసింది.

ఇగ టేపు తీసిన. మా వాళ్ల గుంత వెనకాల దూరంగనే ఉన్నది, దాంతోని బాధ లేదు. తూర్పు గోడ మీద నుంచి తొంగి సూస్తే పక్కింటి కాక వాళ్ల గుంత మూత కనవడ్డది. కొలిస్తే 14 ఫీట్లు.

ఇప్పుడు సూడుండ్రి తమాష. వాస్తు ప్రకారం బోరు ఏ మూలకు ఏస్తం, ఈశాన్యం. లెట్రిన్ గుంత ఎక్కువగ ఏ దిక్కు తవ్విస్తం, వాయవ్యం. మరి నా ఇంటికి తూర్పున ఉన్న ఇంటోని వాయవ్యం ఏడికి వస్తది? సక్కగ నా ఈశాన్యానికి ఆనుకొనే వస్తది! ఇద్దరం వాస్తు తూచా తప్పకుండ పాటిస్తే వాని గుంత నా బోరు పక్కకే వచ్చి కూసుంటది. నేను వాస్తును తక్కువ చేస్తలేను, మా ఇల్లు కూడ సూపిచ్చే కట్టినం, కాని వాస్తు నీ ప్లాటు లోపటనే సూస్తది, నీళ్లకు గోడ లేదు కదా భూమిల.

ఎంత దూరం ఉండాలె మరి? ఒకటి నిండితే రెండోదానికి మలిపే రెండు గుంతల మోడల్ లెట్రిన్ అయితే తాగునీటికి కనీసం 10 మీటర్లు, అంటే 33 ఫీట్లు. సెప్టిక్ ట్యాంకు కట్టి దాని నీళ్లను ఇంకుడు గుంతకు ఇడిస్తే ఆ ఇంకుడు గుంతకు, బోరుకు నడుమ 18 మీటర్లు, దగ్గర దగ్గర 60 ఫీట్లు ఉండాలని ఐఎస్ స్టాండర్డ్, అంటే మన దేశపు ప్రమాణాల కాయితం, చెప్తది. 150 గజాల ప్లాట్లల్ల 60 ఫీట్లు ఏడికెల్లి తెస్తం అంటరు, నిజమే, అందుకే ఇద్దరు ఇంటోళ్లు మాట్లాడుకొని కట్టాలె. ఇప్పుడు ఊరూర ఇందిరమ్మ ఇండ్లు లేస్తున్నయి, అందుల లెట్రిన్ ఉండాలన్నది రూలే, స్లాబు పడ్డంక ఎన్ని మాట్లాడినా గుంత జరగదు, ముగ్గు పోసిన రోజే టేపు పెట్టుండ్రి.

ఇంకోటి, మన దిక్కు నేల. పైన మొరం, కింద గ్రానైటు బండ. ఇసుక నేలల నీళ్లు మెల్లగ వడకట్టుకుంట పోతయి, బండల అట్ల కాదు, పగుళ్లు ఉంటయి, ఆ పగుళ్ల సందుల వడ్డ నీళ్లు పైపుల పోయినట్టు పోతయి. అందుకే మనోళ్లు 300 ఫీట్ల కింది నీళ్లు, ఏం కాదు అనుకుంటరు సూడు, అది తప్పు. బోరు లోతు ఎంతైనా, మట్టి కూలకుండ పైన దింపే కేసింగ్ పైపును బండ తాకే దాకా దింపకపోతే, దాని సుట్టు సిమెంటు పోయకపోతే, పైన మురికి పైపు పక్క నుంచి జారుకుంట లోపలికి దిగుతది. కేసింగ్ కాడ పైసలు మిగిలిచ్చుడు మనకు అలవాటు. మా పెదనాయిన బోరు కాడ సుట్టు గద్దె కూడ లేదు, బర్రెలు కడిగిన నీళ్లు ఆడనే మడుగు కట్టినయి, నేనే సిగ్గువడ్డ.

ఇగ గుంత లోతు సంగతి. 20 సిమెంటు రింగులు దింపిచ్చిన, జిందగీల నిండదు అని గొప్పగ చెప్తరు కదా. నిండదు, ఎందుకు నిండదు? కింద నీళ్లల్ల కలుస్తున్నది గనక నిండదు! గుంత అడుగుకు, భూగర్భ జలానికి మధ్యల కనీసం 2 మీటర్ల మట్టి ఉండాలె, ఆ మట్టే వడపోత. సర్కారు 12,000 ఇచ్చి కట్టిచ్చిన రెండు గుంతల మోడల్ను చూసి గింత చిన్న గుంతేంది అని నవ్విండ్రు, మనోళ్లు శానామంది రెండిటి పైసలు కలిపి ఒకటే లోతు గుంత తవ్విచ్చిండ్రు. కాని లోతు తక్కువ ఉండుడే దాని తెలివి. ఒకటి నిండినంక పైపులు కలిసే చాంబర్ల దారి మార్చి రెండోదానికి మలుపుతరు, మొదటిది రెండేండ్లు మూసి పెడితే లోపల ఉన్నది చాయపత్తి లెక్క పొడి ఎరువు అయితది, వాసన రాదు.

నమ్ముతలేరా? మన గీసుగొండ మండలం గంగదేవిపల్లిల 2017 ఫిబ్రవరిల ఏమైందో యాది చేసుకోండ్రి. అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ సెక్రటరీ పరమేశ్వరన్ అయ్యర్ ఢిల్లీ నుంచి వచ్చి అట్ల మగ్గిన గుంతలకు సొంతంగ దిగి ఎరువు తీసిండు, వేరే రాష్ట్రాల ఆఫీసర్లు కూడ దిగిండ్రు. ప్రధాని మన్ కీ బాత్ల కూడ చెప్పిండు. ఇసొంటి పని మన జిల్లాల జరిగింది, మనకే యాదిల లేదు.

ఆగుండ్రి, ఆయన దిగిండు గదా అని మీరు సెప్టిక్ ట్యాంకుల దిగకుండ్రి! అది రెండేండ్లు మూసి ఆరిన చిన్న గుంత. సెప్టిక్ ట్యాంకుల గ్యాసు ఉంటది, మూత తీసి తొంగి సూసినా కండ్లు తిరుగుతయి, దిగినోడు దిగినట్టే పడిపోతడు, వాన్ని తీయవోయి ఇంకొకడు. రక్షణ సామాన్లు లేకుండ మనిషిని దింపి తీపిచ్చుడు 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేండ్ల దాకా జైలు గాని రెండు లక్షల దాకా ఫైను గాని, రెండూ గాని పడొచ్చు. సుప్రీంకోర్టు 2023ల చనిపోయినోళ్ల కుటుంబానికి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ట్యాంకర్ను పిలువుండ్రి, మూడేండ్లకు ఒకసారి, నిండి పొంగేదాకా ఆగొద్దు. ట్యాంకరాయన పైపు సుట్టుకుంటుంటే ఒక్క ముచ్చట అడుగుండ్రి, అన్నా ఇది ఏడ పారవోస్తవు అని. వరంగల్‌ల అమ్మవారిపేట కాడ దీన్ని శుద్ధి చేసే ప్లాంటే ఉన్నది, కాని ఊర్లల్ల రాత్రిపూట చెరువు కాల్వల ఇడిచి పోయేటోళ్లు ఉన్నరు, మళ్ల ఆ నీళ్లే మన మడికి.

ట్యాంకు పైపును సీదా మోరీల కలిపినోళ్లు ఈ వీడియో సూస్తనే ఉండొచ్చు, పేర్లు చెప్ప. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు శుభ్రం అయినట్టు కాదు, ఇంకుడు గుంతకే పోవాలె. మోరీల ఇడిస్తే పంచాయతి జరిమానా ఏయొచ్చు. ఏస్తదా అంటే, పంచాయతి సెక్రటరీ సారు ప్లాను కాయితం సూసి సంతకం పెడతడు గని గుంత తవ్వే రోజు వచ్చి నిలవడడు, ఆయనకు చెత్త వేరు చేసే సెగ్రిగేషన్ షెడ్డు, నర్సరీ, ట్రాక్టరు, పన్ను వసూలు, అన్నీ ఆయన నెత్తి మీదనే. కొత్త బోరు ఏసేటోళ్లకు నీళ్లు, భూమి, చెట్లను కాపాడే 2002 వాల్టా చట్టం ఉన్నది, పర్మిషన్ తీసుకోవాలె, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపట ఏయరాదు. నీళ్ల టెస్టుకు గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్ ఉంటది, ఆ శాఖ ఇంజనీరు ఏఈని అడుగుండ్రి, గుంతల మురికి నుంచి నీళ్లల్ల కలిసే నైట్రేట్ కూడ చూపిచ్చుండ్రి. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు ప్రమాదం, మరగబెడితే పోదు, ఇంకా చిక్కవడతది.

నల్లా ఉన్నది కదా అని నిమ్మళంగ ఉండేటోళ్లు ఒకసారి ఆ నల్లా గుంతల సూడుండ్రి. ప్రెషరు వస్తలేదని గుంత తవ్వి నల్లాను కిందికి దింపుతరు, అందుల మురికి నీళ్లు నిలుస్తయి, సప్లయి బందు కాంగనే పైపు ఆ నీళ్లను లోపలికి గుంజుకుంటది.

పెదనాయిన ఏం జేసిండు అంటే, బోరు సుట్టు గద్దె పోపిచ్చిండు, తాగుడు నల్లా నీళ్లే, బోరు నీళ్లు బర్రెలకు, చెట్లకు. పక్కింటి కాకతోని మాట్లాడవోతే మొదలు కోపానికి వచ్చిండు, నా వాయవ్యంల నేను తవ్వుకున్న, నీకేందిర అని. నేను ఆ నల్ల సీసా తీసుకపోయి అరుగు మీద పెట్టిన. కాక దాన్ని సూసి, కొద్దిసేపు ఆగి, ఇసొంటిది ఇంకోటి ఉన్నదా బిడ్డ, మా బోరు కూడ సూద్దాం అన్నడు. ఆయన బోరుకు అవతల ఇంకో ఇల్లు ఉన్నది కదా మరి, తూర్పుకు.