'గొర్రె బిడ్డ' అన్న మాటకు మన జవాబు

సంఘ పెద్దలకు, కాపరులకు, ఈ సాయంత్రం ఇంత మంది తరలివచ్చిన యౌవనస్థులకు నా వందనాలు.

మా సంఘంలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయి నెల రోజుల క్రితం నా దగ్గరకు వచ్చింది. తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమెను, క్రైస్తవులను ఎగతాళి చేసే 'గొర్రె బిడ్డ' అన్న మాటతో పిలిచి, కింద బియ్యం మూట బొమ్మ పెట్టారట. "మాస్టారూ, మా ముత్తాతలు నిజంగా బియ్యం కోసమే మతం మారారా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. నన్ను కలచివేసింది ఆ సిగ్గే.

మన విశ్వాసం మీద వచ్చే పరిహాసమంతా ఒక్క రకం కాదు. కానుకల పేరుతో పేదల చేతిలోని డబ్బు గుంజే బోధకుణ్ణి ఒక సినిమా గేలి చేస్తే మనం నొచ్చుకోనక్కరలేదు. అసలు ఆ మాట మన పెద్దల నోట ముందుగా రావలసింది. పాత తెలుగు బైబిలు భాషను, ప్రార్థనలోని గొంతును అనుకరించి హాస్య కార్యక్రమాల్లో నవ్విస్తే కొంత నొప్పి కలుగుతుంది, కానీ ఓర్చుకోగలం. బియ్యం మూట బొమ్మ వేరు. అది యేసును తాకడం లేదు. మాల మాదిగ పల్లెల నుంచి వచ్చిన మన తాతలకు ఆకలే తప్ప ఆలోచన లేదని చెబుతోంది. మతం పేరుతో వచ్చినా అది కులం మాటే, దానికి జవాబు చెప్పి తీరాలి.

ఎలా చెప్పాలన్నదే ప్రశ్న. ఒక దారిని మన రాష్ట్రంలోనే చూశాం. 2006లో 'డావిన్సీ కోడ్' చిత్రం వచ్చినప్పుడు క్రైస్తవ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. కేంద్ర సెన్సారు బోర్డు పెద్దలకు మాత్రమే అన్న ధ్రువపత్రంతో, ఇది కల్పిత కథ అన్న ప్రకటనతో అనుమతించిన ఆ చిత్రాన్ని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద జూన్ నెలలో నిషేధించింది. అదే నెలలో హైకోర్టు నిషేధాన్ని కొట్టివేసింది. ఆ రోజుల్లో నేను కూడా నిషేధం కోరుతూ ఒక వినతిపత్రం మీద సంతకం చేశాను. చిత్రం చూడకుండానే చేశాను. అది తప్పని ఈ రోజు మీ ముందు ఒప్పుకుంటున్నాను. యేసు గురించి ఎవరో అల్లిన కథను ఖండించడానికి మన దగ్గర నాలుగు సువార్తలు ఉండగా, మనం సచివాలయం తలుపు తట్టాం.

నిషేధం కోరకూడదనడానికి మరొక కారణం కూడా ఉంది. మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో కించపరిస్తే జైలు శిక్ష విధించవచ్చని చెప్పే భారత శిక్షాస్మృతి 295ఎ సెక్షను 1927లో వచ్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 299, శిక్ష మూడేళ్ల వరకు జైలు. కరపత్రాలు పంచినందుకు, ఇంట్లో ప్రార్థన పెట్టినందుకు పాస్టర్ల మీద ఫిర్యాదు చేసేవారు తరచుగా ఎత్తిచూపేది ఈ సెక్షనునే. మాట స్వేచ్ఛను, మత స్వేచ్ఛను ఇచ్చే రాజ్యాంగంలోని 19, 25 అధికరణాల నీడన వీధిలో నిలబడి వాక్యం చెప్పుకునే చిన్న సంఘం, నచ్చని మాటను ప్రభుత్వం నొక్కేయాలని కోరితే, తాను నిలబడిన నేలను తానే తవ్వుకున్నట్టవుతుంది. బెదిరింపులు, దాడులు జరిగితే పోలీసు స్టేషనుకు వెళ్లండి, తప్పక వెళ్లండి. నేను చెబుతున్నది మాట గురించి.

ఇక్కడ మన నోటిని కూడా చూసుకోవాలి. మన సభల్లో కొందరు వక్తలు పొరుగువారి దేవుళ్లను రాళ్లు, బొమ్మలు అని గేలి చేస్తే ముందు వరసలో కూర్చున్నవారు చప్పట్లు కొట్టడం నేను విన్నాను. మైకు శబ్దం ఊరంతా వినిపిస్తుంది. ఆ ఊరిలో దీపం పెట్టుకునే ముసలమ్మకు కలిగిన నొప్పి, ఆ అమ్మాయికి కలిగిన నొప్పి ఒకటే. కాపరులారా, అలాంటి వక్తలను దయచేసి మళ్లీ పిలవకండి.

ఇక ఆ అమ్మాయికి నేనేం చెప్పానంటే: 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని మహా కరవు కాల్చేసినప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. సర్వే పని తెలిసిన ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని గుత్తకు తీసుకొని, కరవులో చిక్కినవారికి కూలి దొరికేలా చేశాడు. అంటే వారు తిన్నది తమ చెమటతో సంపాదించుకున్న కూడు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడుగుతున్నా ఆ కరవు సాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట వారి మీద పడకూడదన్నదే ఆయన పట్టుదల. సాయం ఆగిపోయిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అయితే కరవుకు పదేళ్ల ముందే, 1866లో, విశ్వాసంలోకి వచ్చి పల్లె పల్లెకూ తిరిగి బోధించాడు. ఆయనకు ఎవరి బియ్యం అందింది?

సాయం ఆశించి వచ్చినవారు ఒక్కరూ లేరని నేను అనను. ఆకలితో ఉన్న మనిషి, తనను మనిషిగా చూసిన చేతిని నమ్మడంలో సిగ్గుపడవలసినది ఏముంది? అంటరానివాడని ఊరు దూరం పెట్టినవాణ్ణి పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం ఆ రోజుల్లో అన్నం కన్నా పెద్ద సంగతి.

ఆ అమ్మాయి గ్రూపులో ఏం రాసిందో నేను అడగలేదు. ఇంటికి వెళ్లి నాయనమ్మను కూర్చోబెట్టి తమ ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరు, ఏ ఊరిలో, ఎవరి చేతుల మీదుగా అని అడిగి నోటు పుస్తకంలో రాసుకుంది. పోయిన ఆదివారం ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించింది. నాలుగు పేజీలు నిండాయి. తాతమ్మ పేరు దగ్గర మాత్రం ఇంకా ఖాళీ ఉంది. ఆ పేరు తెలిసిన పిన్నమ్మ ఒకావిడ చీరాలలో ఉందట, వచ్చే వారం వెళ్లి అడుగుతానని చెప్పింది.