సూట్ వేసుకున్న విలన్: అలన్ రిక్‌మన్ కబుర్లు

అక్క: రికార్డింగ్ ఆన్ అయిందా? సరే. ఈ వారం బ్రిటిష్ నటుడు అలన్ రిక్‌మన్.

తమ్ముడు: హ్యారీ పాటర్‌లో స్నేప్ మాస్టారు!

అక్క: నువ్వు అక్కడే మొదలుపెడతావని తెలుసురా. స్నేప్ వేసేనాటికి ఆయనకి యాభై దాటేశాయి. పుట్టింది 1946లో, లండన్‌లోని యాక్టన్‌లో. ఎనిమిదేళ్లప్పుడు తండ్రి పోతే, నలుగురు పిల్లల్నీ తల్లే పెంచింది. ఈయన గ్రాఫిక్ డిజైన్ చదివి, స్నేహితులతో కలిసి స్టూడియో పెట్టుకున్నాడు.

తమ్ముడు: మరి నటన?

అక్క: ఇరవయ్యారేళ్లకి స్టూడియో వదిలేసి రాడాలో చేరాడు. అక్కడి పేరున్న నటనా పాఠశాల అది. ఖర్చుల కోసం నైజెల్ హాథార్న్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ అనే నటులకి డ్రెస్సర్‌గా పనిచేశాడు. అంటే వాళ్లకి కాస్ట్యూమ్స్ అందించి, సీన్ల మధ్య మార్పించడం. ఆ పని గుర్తుపెట్టుకో, మళ్లీ దానికి వస్తా.

తమ్ముడు: పెట్టుకున్నా.

అక్క: 1985లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ నాటకంలో వాల్మాంట్ వేషం వేశాడు. ఆడవాళ్లని మాటలతో వలలో వేసుకునే ఫ్రెంచి ప్రభువు. 1987లో ఆ నాటకం న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకి వెళ్లింది, ఆయనకి టోనీ అనే నాటకాల అవార్డుకి నామినేషన్ వచ్చింది. అది చూసినవాళ్లే 'డై హార్డ్' అనే హాలీవుడ్ సినిమాకి పిలిచారు.

తమ్ముడు: అంతకుముందు సినిమాలు చేయలేదా?

అక్క: ఒక్కటీ లేదు. నలభై దాటాక అదే మొదటిది! అయినా బెదరలేదు చూడు. అందులో ఆయన వేసిన విలన్ హాన్స్ గ్రూబర్. వాడికి టెర్రరిస్టు సరంజామా ఎందుకు, సూట్ వేస్తే బాగుంటుంది కదా అని నిర్మాతకి చీటీ రాసి పెట్టి వచ్చాడు. ముందు కసురుకున్నారట, తర్వాత స్క్రిప్టే మార్చారు. బందీనని హీరోని నమ్మించే సీన్ కూడా ఆ సూట్ పుణ్యమే.

తమ్ముడు: ఓహో, డ్రెస్సర్ బుద్ధి!

అక్క: డిజైనర్ కళ్లు కూడా. నాకైతే ఆ రెండూ కలిస్తేనే గ్రూబర్ అనిపిస్తుంది.

తమ్ముడు: చివర్లో భవనం మీంచి పడే షాట్‌లో ఆ మొహం...

అక్క: అది నటన కాదు. అంకెలు లెక్కపెట్టి వదులుతామని చెప్పి, లెక్క పూర్తికాకముందే వదిలేశారు.

తమ్ముడు: అయ్యబాబోయ్! ఇంతకీ ఆస్కార్ వచ్చిందా?

అక్క: నామినేషన్ కూడా రాలేదు. 'రస్పుటిన్' అనే టీవీ సినిమాకి ఎమ్మీ, గోల్డెన్ గ్లోబ్ అవార్డులు వచ్చాయి. ఇంకో ముచ్చట. రీమా హోర్టన్‌తో పరిచయం 1965లో. పెళ్లి 2012లో!

తమ్ముడు: మన ఇళ్లలో అయితే ఊరుకునేవాళ్లా అక్కా?

అక్క: ముహూర్తాలు పెట్టేసేవాళ్లు. 2016 జనవరి 14న క్యాన్సర్‌తో పోయాడు, అరవై తొమ్మిదేళ్లకి. ఇక్కడ మనం సంక్రాంతి పనుల్లో ఉన్నాం. పిండివంటల మధ్యలో ఫోన్‌లో చూశా ఆ వార్త.