పాలపళ్ళు సెనేట్ దాకా వెళ్ళిన కథ

[స్క్రీన్: చిన్న కవరు, అందులో పాలపన్ను]

1958 చివర్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో తల్లులు పిల్లల ఊడిన పళ్ళని కవర్లో పెట్టి పోస్టు చెయ్యడం మొదలుపెట్టారు. (మనవాళ్ళైతే ఇంటి కప్పు మీదికి విసిరేసేవాళ్ళు.) బిడ్డ ఎప్పుడు పుట్టాడు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఎక్కడుంది, తల్లిపాలా పోతపాలా, ఇవన్నీ ఒక కార్డు మీద రాసేవాళ్ళు. బదులుగా పిల్లాడికి 'నా పన్ను సైన్సుకిచ్చా' అనే బ్యాడ్జి వచ్చేది.

[యానిమేషన్: మేఘం, గడ్డి, ఆవు, పాలగ్లాసు]

ఎందుకిదంతా? అప్పట్లో అమెరికా, సోవియట్ యూనియన్ అణుబాంబుల్ని గాల్లోనే పేల్చి చూసేవి. ఆ ధూళిలో స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. వానతో గడ్డి మీద పడుతుంది, ఆవు మేస్తుంది, పాలల్లోకి వస్తుంది. ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో, పళ్ళల్లో దాచేసుకుంటుంది. 1950ల్లో పరీక్షలు పెరిగేకొద్దీ పిల్లల పళ్ళల్లో అదీ పెరిగిందని డాక్టర్ లూయీజ్ రీస్ నడిపిన ఈ పళ్ళ సర్వే 1961లో బయటపెట్టింది.

[స్క్రీన్: సెనేట్ ఓట్లు, 80-19]

అధ్యక్షుడు సంతకం పెట్టించినంత మాత్రాన అమెరికాలో ఒప్పందం అమలు కాదు. అక్కడి పార్లమెంటు పైసభ అయిన సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. 1963లో అణుపరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం వచ్చినప్పుడు లూయీజ్ భర్త ఎరిక్ రీస్ ఈ ఫలితాలనే సెనేట్ కమిటీ ముందు పెట్టారు. సెప్టెంబరు 24న 80-19తో గట్టెక్కింది. పళ్ళ వల్లే నెగ్గిందంటే అతిశయోక్తే. క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవతో అణుయుద్ధం అంచుదాకా వెళ్ళిన గండం గడిచి ఏడాదైనా కాలేదు, ఆ భయమూ పనిచేసింది. కానీ మెగాటన్నుల లెక్కలకు ఆవులించే సెనేటరు కూడా పిల్లల పళ్ళంటే చెవి ఒగ్గుతాడు.

ఆ ఒప్పందంలో పెద్ద లొసుగుంది: భూగర్భ పరీక్షలు సాగాయి. వాటినీ ఆపే సీటీబీటీ (సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం) 1999లో సెనేట్‌లో 48-51తో ఓడింది. పాలగ్లాసు చూస్తే వచ్చే టెన్షన్ అప్పటికి లేదు మరి. మన దేశమైతే దాని మీద అసలు సంతకమే పెట్టలేదు.

[స్క్రీన్: మోగుతున్న ఆఫీసు ఫోన్]

1992 సెప్టెంబరు తర్వాత అమెరికా అణుబాంబు పేల్చి పరీక్షించలేదు. అక్కడ ఓటున్న తెలుగువాళ్ళు మీ సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. "శాంతి కావాలి" అంటే థాంక్స్ చెప్పి పెట్టేస్తారు. మీ జిప్ కోడ్ చెప్పి, "పరీక్షలు మళ్ళీ మొదలుపెట్టడానికి నిధులిచ్చే బిల్లు వస్తే సెనేటర్ గారి ఓటు ఎటు?" అని అడగండి. జవాబు రాతపూర్వకంగా పంపమనండి.