పాత ట్రావెల్ ట్రైలర్ నేల చివికితే: ఎపాక్సీ పోయడమా, ప్లైవుడ్ మార్చడమా?

ప్రేక్షకులకు నమస్కారం. కారు వెనుక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇళ్లయిన పాత ట్రావెల్ ట్రైలర్లలో నీరు దిగి చివికిపోయిన ప్లైవుడ్ నేలను బాగుచేసే రెండు పద్ధతులను ఈ రివ్యూలో పరిశీలిద్దాం. మొదటిది పలుచని ఎపాక్సీని (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురును) చెక్కలోకి ఇంకించి గట్టిపరచడం, రెండవది చెడిన భాగాన్ని కోసి కొత్త ప్లైవుడ్ వేయడం.

ఎపాక్సీ ఆకర్షణ నాకు అర్థమవుతుంది. గోడల లోపలి రేకులు విప్పనక్కరలేదు, ఆరిన తరువాత నేల కాలికి గట్టిగానే తగులుతుంది. కానీ ప్లైవుడ్ బలమంతా దాని పొరల నారలోనూ, వాటిని పట్టి ఉంచే జిగురులోనూ ఉంటుంది. శిలీంధ్రం తినేసిన నారను ఏ ద్రవమూ తిరిగి తేలేదు, పైగా చెక్క తడిగా ఉంటే ఎపాక్సీ లోపలికి దిగదు కూడా. అందువల్ల గోడలకు దూరంగా, నేల మధ్యలో, పై పొర మాత్రమే మెత్తబడిన చిన్న మచ్చలకే దీనిని సిఫారసు చేస్తాను.

అంచుల సంగతి పూర్తిగా వేరు. ఎయిర్‌స్ట్రీమ్ వంటి అల్యూమినియం ట్రైలర్లలో గోడ అడుగున ఉండే చానల్‌ను (పొడవాటి లోహపు పట్టీని) ప్లైవుడ్ అంచు మీదుగా ఛాసిస్‌కు (అడుగు చట్రానికి) బోల్టులతో బిగిస్తారు కాబట్టి, ఆ అంచు నడిచే నేల మాత్రమే కాదు, షెల్‌నూ (గోడలు, కప్పు కలిసిన పై డొల్లనూ) ఛాసిస్‌నూ కలిపి ఉంచే కట్టు కూడా. వెనుక బంపరు మీద ఒకరు ఎక్కి మెల్లగా ఊగినప్పుడు షెల్ కదలకుండా బంపరు ఒక్కటే కిందికి దిగితే, ఆ కట్టు అప్పటికే వీడిపోయిందని గ్రహించాలి. అక్కడ ప్లైవుడ్ మార్చడం తప్ప మార్గం లేదు.

కోసేటప్పుడు రంపం లోతు ప్లైవుడ్ మందానికి మించకూడదు, ఎందుకంటే కింద వైర్లు, గ్యాస్ గొట్టాలు ఉండవచ్చు. కొత్తది పాతదాని మందంలోనే ఉండాలి, లేకపోతే చానల్ సరిగా కూర్చోదు. షెల్ ఎత్తకుండా పని చేస్తే రెండు వైపుల గోడల కిందికీ ఒకే షీటు దూరదు. దానిని రెండు ముక్కలు చేసి, అతుకు కింద దన్ను పలక పెట్టి, జిగురుతోనూ స్క్రూలతోనూ బిగించాలి.

పడవల కోసం చేసే మెరైన్ ప్లైవుడ్ చాలా మంచిదే, లోపల ఖాళీలు ఉండవు. అయితే నీటికి తట్టుకునేది దాని జిగురు మాత్రమే, చెక్క చివకదన్న హామీ లేదు. అంచులకూ బోల్టు రంధ్రాలకూ ఎపాక్సీ పూయడం తప్పనిసరి, ఈ పద్ధతిలో ఎపాక్సీకి అసలైన చోటు ఇదే. రాగి లవణాలతో శుద్ధి చేసిన ప్లైవుడ్ అల్యూమినియంను తినివేస్తుంది, కనుక దాని జోలికి వెళ్లవద్దు.

ఇంత పనికీ ముందే కిటికీలు, తలుపు, కప్పు అతుకుల మీద కింది నుంచి పైకి వరుసగా నీరు పోస్తూ, లోపల మరొకరిని గమనించమని చెప్పి, నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో పట్టుకోవాలి. కొత్త నేల మీద వినైల్ పరచడానికి తొందరపడకుండా, ఒక గట్టి వాన కురిసిన తరువాత మూలలను చేత్తో తడిమి చూసి, పొడిగా ఉంటేనే పరచండి.