నాలుగు రోడ్ల మధ్య రైలు

శ్రోతలకు నమస్కారం.

పట్టణంలో రైలు నడపాలంటే మూడే దారులు. నేల కిందికి దిగాలి, స్తంభాల మీదికి ఎక్కాలి, లేదా ఉన్న రోడ్డు మధ్యలోనే పట్టాలు పరుచుకోవాలి. మూడోది చవక. సొరంగం తవ్వే పని లేదు, మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కే పని లేదు. ఫుట్‌పాత్ దిగి నాలుగడుగులు వేస్తే బండిలో ఉంటాం. లైట్ రైల్ పేరుతో గత నలభై యాభై ఏళ్లుగా చాలా దేశాలు కడుతున్నది ఎక్కువగా ఈ రకమే. తిన్నగా సాగే రోడ్డు మీద దీనికి పెద్ద చిక్కేమీ లేదు. చిక్కంతా నాలుగు రోడ్లు కలిసే చోటే.

అమెరికాలో హ్యూస్టన్ సంగతి చూడండి. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊరు. అక్కడ 2004 జనవరి 1న సుమారు 12 కిలోమీటర్ల లైట్ రైల్ మొదలైంది. ఊరి నడిబొడ్డున మెయిన్ స్ట్రీట్ మీదుగా, పెద్ద పెద్ద ఆసుపత్రులున్న మెడికల్ సెంటర్ గుండా నేల మీదే వెళుతుంది. ఇంకా ప్రయాణికులను ఎక్కించుకోకముందే, ఉత్త బండిని నడిపి చూస్తున్న రోజుల్లోనే కార్లు వచ్చి గుద్దడం మొదలైంది. మొదటి ఏడాదిలో 60కి పైగా ఢీకొన్న ఘటనలు జరిగాయి. ఊళ్లో జనం దానికి 'వామ్ బామ్ ట్రామ్' అని ఎగతాళి పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఢాం ఢాం బండి.

తప్పెవరిదని లెక్క తీస్తే ఎక్కువ సార్లు కారు నడిపినవాళ్లదే. తిరగకూడని చోట తిరిగారు, ఎర్రదీపం దాటారు. అధికారులూ మొదట్లో ఆ మాటే పట్టుకున్నారు. కానీ అన్ని తప్పులూ ఒకే రకంగా జరుగుతుంటే డ్రైవర్లను తిట్టి ఊరుకుంటే సరిపోదు, రోడ్డును ఎలా గీశామో చూసుకోవాలి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కాబట్టి మనకు కుడి మలుపు ఎంత కష్టమో వాళ్లకు ఎడమ మలుపు అంత కష్టం. రైలు రోడ్డు మధ్యలో ఉంటుంది. ఎడమకు తిరగాలనుకున్న డ్రైవరు కళ్లన్నీ ఎదురుగా వచ్చే బండ్ల మీదే ఉంటాయి. సందు దొరికింది కదా అని చటుక్కున తిప్పుతాడు. అదే దిక్కున, తన భుజం వెనకనుంచి రైలు వస్తున్నదని చూసుకోడు. కరెంటు బండి, పొగ లేదు, పెద్ద చప్పుడూ లేదు. మెడికల్ సెంటర్ దగ్గరైతే ఎడమకు తిరిగే కార్లు ఏకంగా పట్టాలున్న వరుసలోకే వచ్చి నిలబడాలి. అలా గీసిన మహానుభావుడెవరో గానీ, తాను మాత్రం ఆ మలుపు తిరిగి ఉండడు!

రైలు పక్కకు తప్పుకోలేదు. 40 టన్నులకు పైబడిన బరువు, ఇనుప పట్టా మీద ఇనుప చక్రం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు బ్రేకు తొక్కాక 15 మీటర్లలో ఆగగలదు. అదే వేగంలో ఉన్న రైలు మామూలు బ్రేకుతో ఆగడానికి 70 మీటర్ల పైచిలుకు కావాలి. అత్యవసర బ్రేకు వేస్తే ఇంకా తొందరగా ఆగుతుంది గానీ, లోపల నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు. చివరికి హ్యూస్టన్ వాళ్లు నగర కేంద్రంలో రైలు వచ్చే సమయానికి కూడలిలో అన్ని వైపులా ఎర్రదీపం వెలిగే పద్ధతి తెచ్చారు. రైలు దాటేదాకా ఎవరూ కదలకూడదు. ప్రమాదాలు తగ్గించే మార్గమే, కానీ దాని ఖరీదు రోడ్డు మీదివాళ్ల సెకన్లు.

ఆ సెకన్ల లెక్క కొంచెం చూద్దాం. రైలు వస్తుంటే సిగ్నల్ పచ్చదీపం ఇచ్చేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. ఆ క్షణంలో ఒక పెద్దావిడ రైలు వెళ్లే దారికి అడ్డంగా రోడ్డు దాటుతోంది అనుకోండి. రోడ్డు వెడల్పు 30 మీటర్లు. మనిషి సెకనుకు మీటరు, మీటరుకు కాస్త ఎక్కువ నడుస్తాడని లెక్క వేసి సిగ్నళ్లు పెడతారు. ఆవిడ అవతలి గట్టుకు చేరడానికి 28 సెకన్లు పడుతుంది. మధ్యలో దీపం మార్చకూడదు. ఆ 28 సెకన్లలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు 390 మీటర్లు వస్తుంది. అంటే రైలు దాదాపు 400 మీటర్ల దూరంలో ఉండగానే అది వస్తున్నట్టు సిగ్నలుకు తెలియాలి. తెలిసినా, కూడలికి ముందే స్టేషన్ ఉంటే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. తలుపులు ఎంతసేపు తెరిచి ఉంటాయో ఎవరు చెప్పగలరు? చక్రాల కుర్చీలో ఒకాయన ఎక్కుతాడు, ఇంకొకడు స్నేహితుడి కోసం తలుపు పట్టుకుంటాడు. సిగ్నల్ అనవసరంగా పచ్చగా వెలిగి ఆరిపోతుంది, రైలు అక్కడే నిలబడుతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు స్టేషన్‌ను కూడలి దాటాక పెట్టమంటారు. ముందు కూడలి దాటెయ్, ఆ తరవాత తీరిగ్గా ఎక్కించుకో. చిన్న సంగతే. దాన్ని పట్టించుకోని ఊళ్లు మాత్రం చాలా ఉన్నాయి.

ఇంకో మెలిక ఉంది. ఆరు నిమిషాలకో రైలు నడిపితే రెండు దిక్కులా కలిపి గంటకు 20 రైళ్లు, సగటున మూడు నిమిషాలకొకటి కూడలి దాటుతుంది. జనం పెరిగారని మూడు నిమిషాలకో రైలు వేస్తే తొంభై సెకన్లకొకటి. పెద్ద కూడలిలో నాలుగు వైపులకూ ఒక చుట్టు తిరగడానికే సిగ్నలుకు రెండు నిమిషాలు పడుతుంది. ఇక అడ్డరోడ్డు వాళ్లకు ఎప్పుడు వదలాలి? సరే, రైళ్ల సంఖ్య వద్దు, పెట్టెలు పెంచుదాం అంటారా? ఆరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరాన్ని అడగాలి. అక్కడ 1986లో లైట్ రైల్ మొదలైంది. ఆ ఊరి నడిబొడ్డున ఒక వీధికీ ఇంకో వీధికీ మధ్య 200 అడుగులే, అంటే 61 మీటర్లు. రెండు పెట్టెల రైలు సరిగ్గా అందులో ఇముడుతుంది. మూడో పెట్టె తగిలిస్తే, రైలు స్టేషన్లో ఆగినప్పుడు తోక వెనక వీధికి అడ్డంగా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వీధులు కొలిచినవాళ్ల గొలుసు ఈనాటి రైలు పొడవును నిర్ణయిస్తోంది.

గేట్లు పెడితే? మన రైల్వే గేటు దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. గేటు పడుతుండగానే స్కూటరు వంచి కిందనుంచి దూరేవాళ్లను చూస్తూనే ఉన్నాం. లాస్ ఏంజలెస్‌లో 1990లో బ్లూ లైన్ పేరుతో మొదలైన లైన్‌లో రైలు వేగంగా వెళ్లే భాగానికి గేట్లున్నాయి. పడిన గేటును చుట్టి వెళ్లేవాళ్ల కోసం కొన్ని చోట్ల నాలుగు వైపులా కర్రలు పడే గేట్లు పెట్టాల్సి వచ్చింది. అదే ఊళ్లో 2012లో ఎక్స్‌పో లైన్ పేరుతో తెరిచిన లైన్ డోర్సీ హైస్కూల్ పక్కన ఫార్మ్‌డేల్ వీధిని దాటుతుంది. బడి వదిలినప్పుడు వందల మంది పిల్లలు పట్టాల దగ్గర గుమికూడుతారు, వంతెనో సొరంగమో కట్టమని స్థానికులు గట్టిగా పోరాడారు. చివరికి దొరికిన రాజీ చూడండి. వంతెన కట్టలేదు గానీ అక్కడొక స్టేషన్ పెట్టారు. ప్రతి రైలూ ఆగి తీరాలి కాబట్టి పిల్లల ముందు వేగంగా దూసుకుపోదు. బాగానే ఉంది, కానీ ఆ లైన్ మీద వెళ్లే ప్రతి ప్రయాణికుడూ రోజూ కాసిని సెకన్లు దానికి చెల్లిస్తున్నాడు. ఇక ఆ ఊరి నడిబొడ్డున 2023 జూన్‌లో 3 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. అందులో హాయిగా వచ్చిన రైళ్లు బయటికి తేలి ఫ్లవర్ స్ట్రీట్, వాషింగ్టన్ బులెవార్డ్ కలిసే కూడలి దగ్గర కార్ల మధ్య దీపం కోసం కాచుకుంటాయి. రెండు లైన్లు విడిపోయే చోటు అదే. దాన్ని సరిచేయకుండా వదిలేశారు.

కట్టే రోజుల బాధ వేరే. సిడ్నీలో లైట్ రైల్ కోసం జార్జ్ స్ట్రీట్ తవ్వితే నక్షాల్లో లేని కరెంటు కేబుళ్లు, పాత గుంటలు బయటపడ్డాయి. 160 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనా సుమారు 300 కోట్లకు పోయింది, దుకాణదారులు కోర్టుకెక్కారు. కానీ ఆ ఊరు ఒక పని గట్టిగా చేసింది. వీధి నడిమి భాగంలో కార్లనే తీసేసింది. 2019 డిసెంబరునుంచి అక్కడ 67 మీటర్ల ట్రాములు మనుషుల మధ్య నడుస్తున్నాయి.

మెల్‌బోర్న్ ఇంకో దారి పట్టింది. అక్కడ మనలాగే ఎడమవైపు నడుపుతారు. నగర మధ్యంలో చాలా కూడళ్లలో కుడికి తిరగాలంటే రోడ్డు మధ్యకు రాకూడదు. ఎడమ అంచున ముందుకు వెళ్లి, కూడలిలో ఆగి, అడ్డరోడ్డుకు దీపం మారేవేళకు కుడికి తిప్పుకోవాలి. కొత్తగా వెళ్లిన మన పిల్లలకు మొదట గుండె గుభేల్‌మంటుంది. కానీ ట్రాము దారిలో కారు నిలబడదు. అసలు కిటుకు అదే: రైలుకు దారి ఇస్తామన్నాక కారు మలుపును లాక్కోవాలి. పట్టాలకు డబ్బు పెట్టి మలుపులు వదులుకోలేని ఊళ్లే హ్యూస్టన్‌లా దెబ్బతిన్నాయి.

మన దేశంలో కలకత్తాకు 1873లోనే ట్రాము వచ్చింది. పట్టాల మీదికి కార్లను వదిలి, ట్రాము నెమ్మది అని దాన్నే తప్పుపట్టారు. 2024 సెప్టెంబరులో ఒక్క మైదాన్-ఎస్ప్లనేడ్ ముక్క ఉంచి మిగతాది ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. హైదరాబాదు 2017లో స్తంభాల మీద మెట్రో తెచ్చుకుంది. పంజాగుట్ట కూడలిలో, ఫ్రీ లెఫ్ట్ బండ్లు, రాంగ్ సైడులో దూరే బైకుల మధ్య నేల మీద రైలును ఊహించుకుంటే ఆ నిర్ణయం సరైనదే అంటాను. దానికి మనం కట్టే మూల్యం మెట్లు, లిఫ్టు కోసం క్యూ, రోడ్డు మధ్యలో లావుపాటి స్తంభాలు.

అమరావతిలాంటి కొత్త ఊరి సంగతి వేరు. అక్కడ రోడ్లు ఇప్పుడే పడుతున్నాయి, కూడలిలో కుడికి తిరిగే అలవాటు ఇంకా ఎవరికీ లేదు. రైలు ఎప్పుడు వచ్చినా రానీ, నడిమి వరుస ఖాళీగా ఉంచి, కుడి మలుపు బదులు ముందు యూటర్న్ పెట్టి, స్టేషన్ స్థలాన్ని కూడలి అవతల గీసుకోవడానికి ఈనాడు అయ్యే ఖర్చు నక్షా మీద ఒక గీత.

సెలవు.