తేదీ తెలిసిన డబ్బు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పేదవాళ్ల చేతికి నేరుగా డబ్బివ్వడం గురించి మాట్లాడతానంటే మొదట వచ్చే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. 'తాగేస్తారు కదా?' అని. ఆ సంగతి ఇక్కడే తేల్చేసుకుని ముందుకు పోదాం. డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. నగదు సాయం అందాక మద్యం మీద, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా దాదాపు ఎక్కడా కనిపించలేదు. కొన్ని చోట్ల తగ్గింది కూడా. తాగేవాడు సాయం రాకముందూ తాగుతున్నాడు, వచ్చాకా తాగుతున్నాడు. ఆ ఒక్కడిని చూసి ఊరందరి గురించీ తీర్పు చెప్పేస్తున్నాం, అంతే.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. డబ్బు చేతికొచ్చాక ఒక పల్లెటూరి కుటుంబం వచ్చే ఏడాది గురించి, ఆపై ఏడాది గురించి ఆలోచించే తీరు ఎలా మారుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే కెన్యాకు వెళ్లాలి. ఇన్నేళ్లుగా, ఇంత ఓపిగ్గా దీన్ని పరిశీలించిన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

ఎందుకు కెన్యా? 2007లో అక్కడ ఎం-పెసా వచ్చింది. మామూలు బటన్ ఫోన్‌లో సిమ్ కార్డు ఉంటే చాలు, డబ్బు అందుకోవచ్చు, పంపొచ్చు, సెంటర్‌లో ఉన్న ఏజెంటు దగ్గర నోట్లుగా మార్చుకోవచ్చు. బ్యాంకు మొహం చూడని ఊళ్లలో కూడా అది పాకిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకే గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. హార్వర్డ్‌, ఎంఐటీల్లో చదువుకుంటున్న కొందరు పెట్టిన సంస్థ అది. వాళ్ల పద్ధతి మరీ సాదాసీదాగా ఉంటుంది. పేద కుటుంబాన్ని గుర్తించు, ఫోన్‌కు డబ్బు పంపు, దేనికి ఖర్చు పెట్టావని అడగకు.

మరి పేద కుటుంబాన్ని గుర్తించడం ఎలా? పశ్చిమ కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున రారియెడా అనే ప్రాంతం ఉంది. అక్కడ మొదట్లో పెట్టుకున్న కొండగుర్తు ఇంటి పైకప్పు. గడ్డి కప్పు ఉంటే అర్హులు, రేకుల కప్పు ఉంటే కాదు. ఈ పైకప్పు దగ్గర మనం కాసేపు ఆగాలి.

గడ్డి కప్పును ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. గడ్డి కొనాలి, కూలి ఇవ్వాలి. ఎంత బాగా కప్పినా పెద్ద వానకు కారుతుంది. రాత్రిపూట పిల్లలను ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుతూ ఉండాలి. అదే రేకులైతే, వాటిని స్వాహిలీలో మాబాటి అంటారు, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. పైగా రేకు మీద పడిన వాన నీళ్లను పీపాలోకి పట్టుకోవచ్చు, ఆడవాళ్లకు కొన్ని నెలలపాటు నీళ్ల కోసం నడక తప్పుతుంది. గడ్డి మీంచి కారిన నీళ్లు అలా వాడుకోవడానికి పనికిరావు. లెక్క వేస్తే దీర్ఘకాలంలో గడ్డి ఇల్లే ఖరీదు. ఈ లెక్క ఆ ఇంట్లోవాళ్లకు తెలియదనుకోకండి. ఎవరైనా వెళ్లి చెప్పక్కర్లేదు. చిక్కల్లా రేకులు, కర్రలు, మేకులు, వడ్రంగి కూలి అన్నిటికీ ఒక్కసారే డబ్బు పెట్టాల్సి రావడంలో ఉంది. నెలకింత దాచి ఆ మొత్తం చేర్చేలోపు పిల్లకు మలేరియా వస్తుంది, బడి ఫీజు గడువు వస్తుంది, చుట్టాల్లో ఎవరో పోతారు. దాచింది దాచినట్టు కరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి మళ్లీ గడ్డే.

యొహానెస్ హౌస్‌హోఫర్, జెరెమీ షపీరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇక్కడ ఒక పరీక్ష పెట్టారు. (షపీరో ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడు. అనుమానించేవాళ్లు అనుమానించవచ్చు. అయితే తర్వాత ఆ సంస్థతో సంబంధం లేని పరిశోధకులు కూడా ఈ దారిలో చాలా పని చేశారు.) లాటరీ తీసి కొన్ని కుటుంబాలకు 25,200 షిల్లింగులు ఒకేసారి ఇచ్చారు. కొన్నింటికి అంతే మొత్తాన్ని నెలకు 2,800 చొప్పున తొమ్మిది నెలలు ఇచ్చారు. కొన్ని కుటుంబాలకు అదనంగా మరో 70,000 కలిపారు. కొన్ని ఇళ్లలో భార్యకు, కొన్ని ఇళ్లలో భర్తకు.

భార్యకిచ్చినా భర్తకిచ్చినా ఖర్చుల తీరులో పెద్ద తేడా రాలేదు. ఇది చాలామందికి రుచించని ఫలితం, నాకూ కాస్త ఆశ్చర్యమే. తేడా అంతా ఇచ్చిన పద్ధతిలో వచ్చింది. నెలనెలా అందుకున్నవాళ్ల ఇళ్లలో తిండికి కరువు తగ్గింది, పూటలు గడవడం తేలికైంది. ఒకేసారి అందుకున్నవాళ్లు రేకులు, అలాంటి నిలిచే వస్తువులు ఎక్కువ కొన్నారు. మొత్తం ఒక్కటే, మనుషులూ ఒక్కలాంటివాళ్లే. డబ్బు వచ్చిన పద్ధతిని బట్టి అది ఒకచోట తిండి గింజలైంది, మరోచోట పైకప్పయింది. ఇందులో ఏది మంచి ఖర్చు, ఏది చెడ్డ ఖర్చు అని మనం పై నుంచి మార్కులు వేయడానికి లేదు. నెలకు 2,800తో పైకప్పు రాదు, అన్నం వస్తుంది.

ఇక్కడిదాకా బానే ఉంది. అసలు విశేషం 2018లో మొదలైన పెద్ద పరీక్షలో ఉంది. అభిజిత్ బెనర్జీ, పాల్ నీహాస్, తవ్‌నీత్ సూరి తదితరులు దీని మీద పనిచేస్తున్నారు. కెన్యాలో 195 ఊళ్లలో పెద్దవాళ్లందరికీ, పేదా గొప్పా అని చూడకుండా, డబ్బిచ్చారు. మరో వంద ఊళ్లకు ఏమీ ఇవ్వకుండా, పోల్చి చూడటానికి వదిలేశారు. ఆ 195ను మూడు రకాలు చేశారు. 71 ఊళ్లలో మనిషికి సుమారు 500 డాలర్లు, మొత్తం ముందే ఇచ్చేశారు. 80 ఊళ్లలో ఇంచుమించు అంతే విలువను రోజుకు ముప్పావు డాలరు లెక్కన నెలనెలా రెండేళ్లు ఇచ్చారు. మిగిలిన 44 ఊళ్లలో అదే నెలసరి మొత్తం, కాకపోతే పన్నెండేళ్లు ఇస్తామని మాటిచ్చారు.

రెండేళ్లు గడిచాక చూశారు. అప్పటికి రెండేళ్ల ఊళ్లవాళ్లకీ పన్నెండేళ్ల ఊళ్లవాళ్లకీ అందిన డబ్బు సమానం. ఒక్క పైసా తేడా లేదు. అయినా ఫలితాలు వేరుగా వచ్చాయి. ఒకేసారి తీసుకున్న ఊళ్లలో కొత్త వ్యాపారాలు, వాటి మీద రాబడి బాగా పెరిగాయి, అది అనుకున్నదే. పన్నెండేళ్ల హామీ ఉన్న ఊళ్లు కూడా వాళ్లకు దీటుగా నిలిచాయి. వెనకబడింది రెండేళ్ల ఊళ్లు.

అదెలా? పన్నెండేళ్లవాళ్లు చామాల్లో చేరారు. చామా అంటే మన చిట్టీ లాంటిదే. ఉదాహరణకు పదిమంది కలిసి నెలకు వెయ్యేసి షిల్లింగులు వేస్తారనుకోండి, నెలకొకరు పదివేలు ఎత్తుకుంటారు. నెలనెలా వచ్చే చిన్న డబ్బును వాళ్లంతట వాళ్లే పెద్ద మొత్తంగా మార్చుకున్నారన్నమాట. ఆ మొత్తంతో కొట్టు పెట్టారు, పశువును కొన్నారు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, ఎవరూ కరపత్రం పంచలేదు. రాబోయే నెలల్లో డబ్బు ఆగదన్న నమ్మకం ఉంది కాబట్టి మొత్తం తీసుకుపోయి పెట్టుబడిలో పెట్టడానికి భయపడలేదు. వ్యాపారం దెబ్బతిన్నా వచ్చే నెల ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధీమా అది. ఆ ధీమా రెండేళ్లవాళ్లకు లేదు. ఆగిపోయే రోజు కళ్లముందే కనబడుతుంటే ఎవరైనా ఆచితూచే ఉంటారు.

నన్నడిగితే ఈ మొత్తం పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే. ఇంకా చేతికి రాని డబ్బు, వస్తుందన్న నమ్మకంతోనే, ఇవాళే పని మొదలుపెట్టింది.

బద్ధకం సంగతి అడుగుతారేమో. ఉచితంగా డబ్బొస్తే పని మానేస్తారు కదా అని. ఆ ఊళ్లలో మొత్తం మీద పనిచేయడం తగ్గలేదు. కూలి పనికి వెళ్లేవాళ్లు కొందరు అది వదిలి సొంత పని పెట్టుకున్నారు. ఊళ్లో కూలీలు దొరకడం లేదని పెద్ద రైతులు విసుక్కుంటే విసుక్కుని ఉండొచ్చు, అది వేరే కథ.

ఒక్కచోట మాత్రం పని నిజంగానే బాగా తగ్గింది. దాని గురించి తప్పకుండా చెప్పాలి. 2014 నుంచి 2017 మధ్య పశ్చిమ కెన్యాలోని సియాయా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 10,500కు పైగా పేద కుటుంబాలకు తలా సుమారు వెయ్యి డాలర్లు ఇచ్చారు. కొన్నేళ్ల తర్వాత పరిశోధకులు అక్కడి జనన మరణాల లెక్కలు ఇంటింటికీ తిరిగి సేకరించారు. 2025లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, డబ్బందుకున్న కుటుంబాల్లో ఏడాది లోపు పిల్లల మరణాలు దాదాపు సగానికి, 48 శాతం, తగ్గాయి. మందులివ్వలేదు, టీకాలివ్వలేదు. మరి ఏం జరిగింది? నెలలు నిండుతున్న ఆడవాళ్లు, బాలింతలు పనికి వెళ్లడం సగానికి సగం తగ్గించారు. ఆస్పత్రిలో కాన్పులు పెరిగాయి. ఇంట్లో తిండి మెరుగైంది. కాన్పు దగ్గరపడిన రోజుల్లో డబ్బు అందిన ఇళ్లలోనే ప్రయోజనం ఎక్కువ. అదీ డాక్టరున్న ఆస్పత్రి దగ్గర్లో ఉంటేనే. డాక్టరు లేని చోట చేతిలో వెయ్యి డాలర్లున్నా పెద్దగా ఒరిగేదేం లేదు. ఆస్పత్రులు ఎందుకు, ఆ డబ్బేదో జనానికే పంచేస్తే పోలా అనేవాళ్లు ఈ మాట దగ్గర కాస్త ఆగితే బాగుంటుంది.

డబ్బు రాని పక్కింటివాళ్ల సంగతేమిటి? రారియెడాలో చేసిన తొలి పరిశీలనల్లో పొరుగువాళ్ల మనసు చివుక్కుమన్న ఆనవాళ్లు కనిపించాయి, పక్కింటికి రేకులు పడితే మన గడ్డి మరింత పాతగా కనిపించదూ! కానీ సియాయాలో 653 ఊళ్లను చూసిన పెద్ద అధ్యయనం వేరే సంగతి బయటపెట్టింది. బయటి నుంచి వచ్చిన ప్రతి డాలరుకు స్థానికంగా రెండున్నర డాలర్ల దాకా ఆర్థిక కార్యకలాపం పుట్టింది. డబ్బు రాని కుటుంబాల ఖర్చు కూడా పెరిగింది. ధరలు పెరిగింది సగటున 0.1 శాతం మాత్రమే. అంత డబ్బు వచ్చిపడినా ధరలు ఎందుకు ఎగబాకలేదు? ఊరి పిండిమర దగ్గరికి వెళ్లి చూస్తే అర్థమవుతుంది. మర ఉంది, మనిషి ఉన్నాడు, రోజులో ఎక్కువసేపు గిరాకీ కోసం కూర్చునే ఉంటాడు. ఇంకో పదిమంది మొక్కజొన్న తెస్తే ఆడిస్తాడు, దానికోసం కొత్త మర కొనక్కర్లేదు, ధర పెంచక్కర్లేదు.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. పక్కనే ఉన్న హోమా బే కౌంటీకి గివ్‌డైరెక్ట్‌లీ వెళ్లినప్పుడు దాదాపు సగం కుటుంబాలు మాకొద్దు పొమ్మన్నాయి. ఇది క్షుద్రపూజల డబ్బని, తీసుకుంటే ఏదో కీడు జరుగుతుందని పుకార్లు లేచాయి. మనం నవ్వుకోవచ్చు. కానీ ఊరూపేరూ తెలియని వాళ్లొచ్చి ఏమీ అడక్కుండా వెయ్యి డాలర్లిస్తామంటే మీరేమంటారు? నేనైతే తలుపేసుకుంటాను. అంతకుముందు వచ్చిపోయిన సంస్థలు ఎన్ని మాటలిచ్చి ఎన్ని తప్పాయో ఆ ఊళ్లకే తెలుసు.

ఈ సాయం ఫలితం ఎన్నాళ్లుంటుంది? ఉత్తర ఉగాండాలో 2008లో యువకుల బృందాలకు తలా 380 డాలర్ల చొప్పున, ఏదో ఒక పనిముట్లు కొనుక్కుని వృత్తి పెట్టుకోమని ఇచ్చారు. నాలుగేళ్లకు వాళ్ల సంపాదన మిగతావాళ్ల కంటే 38 శాతం ఎక్కువైంది. తొమ్మిదేళ్లకు ఆ తేడా చెరిగిపోయింది. డబ్బు రానివాళ్లు కూడా ఏదో ఒకటి చేసుకుని వాళ్లను అందుకున్నారు. కొందరు దీన్ని వైఫల్యం అంటారు. నేననను. పాతికేళ్ల వయసులో కొన్నేళ్ల ముందు నిలదొక్కుకోవడం చిన్న విషయం కాదు. ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలు, కట్టుకున్న ఇల్లు ఈ లెక్కలో సగమే కనిపిస్తాయి. అయితే ఒక్కసారి ఇచ్చిన డబ్బు పేదరికాన్ని శాశ్వతంగా తుడిచేస్తుందని ప్రచారం చేసేవాళ్లు మాత్రం ఈ అంకెను దాటేసి వెళ్లకూడదు.

చివరగా ప్రభుత్వాల దగ్గరికి వద్దాం. స్వచ్ఛంద సంస్థలు ఎన్ని చేసినా అవి కొన్ని వందల ఊళ్లే. దేశమంతా అందాల్సింది సర్కారు డబ్బు. కెన్యాలో ఇనువా జమీ అనే పథకం కింద 70 ఏళ్లు దాటిన వృద్ధులకు నెలకు 2,000 షిల్లింగులు ఇస్తున్నారు. అంకెను చూస్తే, ఇందాక చెప్పిన పన్నెండేళ్ల ఊళ్లలో ఇచ్చేదానికి చాలా దగ్గర. కానీ ఖజానా నుంచి విడుదల ఆలస్యమై కొన్నిసార్లు నెలల తరబడి ఆగింది, తర్వాత బకాయిలన్నీ కలిపి వచ్చాయి. ఏడాది చివర కూడితే డబ్బు అందినట్టే లెక్క. ఈలోపు ఆ డబ్బు కోసం ఎదురుచూసే ముసలామె కొట్లో అరువు పెట్టి ఉంటుంది, మందులు వాయిదా వేసి ఉంటుంది, వచ్చిన బకాయి నేరుగా అప్పు తీర్చడానికే పోతుంది. చామాలో చేరదామా అంటే అక్కడ నెలనెలా తన వంతు వేయాలి. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును నమ్ముకున్న మనిషిని మిగతా తొమ్మిదిమంది ఎందుకు చేర్చుకుంటారు?