పెద్దమనిషి అయిందంటాం, సైకిల్ దాచేస్తాం

(విశాఖ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: 12, 13 ఏళ్ల పిల్లలు గది తలుపు వేసుకుంటే ఇంట్లో అందరికీ టెన్షన్. ఎందుకలా వేసుకుంటారు డాక్టర్ గారూ?

డాక్టర్: అమ్మానాన్నలంటే ఇష్టం లేక కాదండీ. అప్పటిదాకా ఫలానా వాళ్లమ్మాయి అంటే సరిపోయేది. ఇప్పుడు 'నేనెవర్ని?' అనే ప్రశ్న మొదలవుతుంది. 12 నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఇదే పెద్ద పని అని ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త చెప్పారు. మెదడులో ఉద్వేగాలకు సంబంధించిన భాగం ముందే చురుగ్గా మారుతుంది. ముందువెనకలు చూసుకునే భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. అందుకే పూర్తిగా వదిలేయలేం, అలాగని కట్టేయనూకూడదు.

తల్లి: నేను కట్టేశానండీ. మాది ఎంవీపీ కాలనీ. పాప పదేళ్లప్పుడు సైకిల్ మీద రైతుబజారుకెళ్లి కొత్తిమీర తెచ్చేది. 12వ ఏట పెద్దమనిషయింది. ఫంక్షన్ చేశాం, బంధువులందరికీ భోజనాలు పెట్టాం. ఆ తర్వాత సైకిల్ మేడ మీదకు చేరింది. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టించాను. ఒకరోజు అడిగింది: "అమ్మా, పెద్దదాన్నయ్యాననే కదా అందరికీ భోజనం పెట్టారు! మరి చిన్నప్పుడు వెళ్లిన చోటికి ఇప్పుడెందుకు వెళ్లకూడదు?" నా దగ్గర జవాబు లేదు.

మాస్టారు: మా స్కూల్లోనూ అంతేనమ్మా. ఎనిమిదో తరగతి మగపిల్లలు సింహాచలం దాకా బస్సులో వెళ్లొస్తారు. ఆడపిల్లలు విహారయాత్ర కాగితం మీద సంతకానికే వారం రోజులు బతిమాలాలి. ఏడులో చేయెత్తి ప్రశ్నలడిగిన అమ్మాయి తొమ్మిదికొచ్చేసరికి తల దించుకుని కూర్చుంటుంది. చూస్తుంటే బాధేస్తుంది.

వ్యాఖ్యాత: కానీ రోడ్డు మీద భయం నిజమే కదమ్మా?

తల్లి: నిజమే. నాకు ఇప్పటికీ ఉంది. అందుకే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపేస్తారు కదా, అక్కడ మళ్లీ మొదలుపెట్టాం. మొదట వాళ్ల నాన్న వెనకే నడిచారు. కొన్నాళ్లకు జలాంతర్గామి మ్యూజియం దగ్గర కూర్చుని, "వుడా పార్కు దాకా వెళ్లి రా" అన్నారు.

డాక్టర్: మంచి పని చేశారు. ఎప్పటికి తిరిగొస్తుందో ఆ టైము కూడా తననే చెప్పనివ్వండి.

తల్లి: అలాగే చెప్పించాం. ఒకరోజు 20 నిమిషాలు ఆలస్యమైంది. చేతుల నిండా గ్రీజుతో వచ్చింది. చైను ఊడితే తనే ఎక్కించుకుందట. నాకు ఏడుపొచ్చేసింది. సైకిల్ మాత్రం మళ్లీ మేడ ఎక్కలేదు.